ఎస్తేరత్త, ఆమె పింఛను, దాని చుట్టూ మేము

మా మేనత్త ఎస్తేరమ్మ మే నెల ఆఖరి రోజు మధ్యాహ్నం కన్నుమూసింది. పొద్దున్నే మామిడి రసాల కోతకు వెళ్ళి, ఎండ తాళలేక తిరిగొచ్చి చాప మీద నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. ఆ వార్త నాకు ఫోనులో చెప్పినవాడు ఆమె పెద్దకొడుకు యోహాను. నేను టీచర్ని; వేసవి సెలవులు కావడంతో మైలవరంలో మా ఇంట్లోనే ఉన్నాను.

"గ్రేసూ, అమ్మ పోయింది. ఎవరికీ చెప్పమాక."

"అదేంటి బావా?"

"రేపు ఒకటో తారీకు. పింఛనిచ్చి వెళ్ళాక చెబుదాం. ఒంట్లో బాలేదని పడుకోబెడతాం. మిషను మీద వేలు పెట్టిస్తే చాలుగా."

ఆత్మీయుల మరణవార్త వినగానే నిశ్చేష్టులమయ్యామని రాయడం పరిపాటి. నాకు ముందు అసహ్యం వేసింది. దుఃఖం చాలాసేపటికి గాని రాలేదు. ఆ జుగుప్స ఇంకా నన్ను విడువలేదు. సంస్మరణకు ఉండవలసిన సౌమ్యత ఈ రాతలో లోపిస్తే అత్తను ఎరిగినవారు అర్థం చేసుకుంటారు.

బస్సెక్కే లోపే అత్త ఊరి చర్చి సంఘకాపరిగారికి ఫోను చేసి ఆమె పోయిందని చెప్పాను. నేను ఆగిరిపల్లిలో దిగి ఊరు చేరేసరికి చర్చి గంట మోగిపోయింది, వాకిట జనం చేరారు. యోహాను అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు. "నీకు నెల నెలా జీతమొస్తది. నీకేం, నీతులు చెబుతావు," అన్నాడు. నేను లోపలికి వెళ్ళాను. ఆ ఉక్కలో అత్తను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడ్డం దాకా దుప్పటి కప్పారు. కుడిచేతిని మాత్రం బయట ఉంచారు.

ఆ చేతిని గురించే నేను ముందు చెప్పాలి. అత్త యౌవనంలోనే వితంతువైంది. ఇద్దరు మగపిల్లల్ని పెట్టుకుని నూజివీడు చుట్టుపక్కల తోటల్లో కోతలకూ, కాయలు ఏరి తుడిచి సర్దే షెడ్లలోనూ బతుకంతా వెళ్ళదీసింది. తొడిమ తెగిన చోట కారే సొన ఆమె మణికట్టు మీద, వేళ్ళ మీద నల్లగా కాలిన మచ్చలు పెట్టింది. వేలిముద్రలు అరిగిపోయాయి. పింఛను తెచ్చిన సచివాలయం అమ్మాయి ఓసారి మిషను మీద మళ్ళీ మళ్ళీ పెట్టించి విసిగిపోయి, "ఏంటి మామ్మా, నీ వేలు పడట్లేదు?" అంది. అత్త నవ్వలేదు. "శేషగిరిగారి తోటలో అరిగిపోయిందమ్మా. ఆయన వేలు నున్నగా ఉంటది, తీసుకొచ్చి పెట్టించు," అంది. ఆ అమ్మాయి కంటి ముద్ర తీసుకుని డబ్బు చేతికిచ్చింది.

శేషగిరిగారు ఊళ్ళో పెద్ద మామిడితోట యజమాని. కాపురం విజయవాడలో. తోటను ఏటా గుత్తకిచ్చేస్తారు.

పింఛను రాకముందు అత్త ప్రతి ఏడాదీ పూత దశలోనే గుత్తదారు దగ్గర అడ్వాన్సు పుచ్చుకునేది. పుచ్చుకున్నాక అతను ఎంత కూలి అంటే అంతకి వెళ్ళవలసిందే. పింఛను మొదలయ్యాక, అది కాస్త పెరిగాక, ఒక ఏడాది ఆమె అడ్వాన్సు తీసుకోలేదు. ఆ సంగతి ఊళ్ళో విడ్డూరంగా చెప్పుకున్నారు. కాయ ముదిరి కోత మొదలయ్యే వేళకు గుత్తదారు బండి మీద ఇంటికే వచ్చాడు.

"కూలి పెంచితేనే వస్తానండి," అంది అత్త.

"గవర్నమెంటు ఊరికే ఇస్తోందిగా నీకు? ఇంకా పెంచమంటావేంటి?"

"పింఛను నా ముసలితనానికండి. కూలి మీ కాయలకి. రెండూ కలిపేస్తే ఎలాగండి?"

అతను చీదరించుకుని వెళ్ళిపోయాడు. అత్త ఇంట్లోనే కూర్చుంది. ఆమె కూర్చుంటే ఆ వీధి ఆడవాళ్ళూ కూర్చున్నారు. రసాలు చెట్ల మీదే పండి రాలడం మొదలెట్టాక కూలి పెరిగింది. ఆ సాయంత్రం నేను ఫోను చేస్తే అత్త అన్న మాట ఇది: "ఇంట్లో బియ్యం ఉంటే నోట్లోంచి మాటొస్తదే గ్రేసూ. అంతకుముందు నాకు మాటల్రాక కాదు."

అయితే చేతికొచ్చిన డబ్బు మనుషుల లోపలిదాన్ని కూడా బయటికి లాగుతుంది. కొడుకులిద్దరూ అంతకుముందు ఆమెను నెలకొకరు చొప్పున వంతులేసుకుని పోషించేవారు. వంతు మారే రోజున రెండిళ్ళలోనూ ఆమెకోసం పొయ్యి వెలిగేది కాదు. ఆమె రాత్రి అన్నం అవతలివాళ్ళ ఇంట్లో తినొస్తుందని వీళ్ళు, వెళ్ళి ఇక్కడ తింటుందని వాళ్ళు. పింఛను పెరిగిన నెలలోనే అన్నదమ్ములు సంఘపెద్దల ముందుకెక్కారు. అమ్మ నా దగ్గరుండాలంటే నా దగ్గరుండాలని! చిన్నవాడు దానియేలు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. మాతృభక్తి మీద ఒక పెద్దాయన బైబిలు వచనం చదివాడు. నేను ఆ పంచాయితీలో ఉన్నాను. అంత అసహ్యమైన భక్తిని నేను మరెక్కడా చూడలేదు.

అత్త అంతా విని, "మొన్నటిదాకా బరువుని, ఇయ్యాల బంగారాన్ని. మధ్యలో నేనేం మారలేదయ్యా. నేను ఒక్కదాన్నే ఉంటాను," అంది. ఊరి చివర రేకుల గది అద్దెకు తీసుకుంది. అక్కడ మొదటి నెల పింఛను రాగానే కోడికూర వండుకుంది. "కార్జం ముక్క నేనే తిన్నానే," అని సిగ్గుపడుతూ చెప్పింది. ఆ వయసు దాకా ఆమె విస్తట్లోకి ముందుగా ముక్క పడలేదు. ఆ తరువాత ప్రతి ఒకటో తారీకునా కొడుకులు ఏదో ఒక అవసరం చెప్పుకుంటూ ఆ గది ముందు తచ్చాడేవారు. ఆమె మందుల డబ్బు వాళ్ళ మందుకొట్టుకు చేరిన నెలలూ ఉన్నాయి. వాటిని గురించి ఆమె నాకెన్నడూ చెప్పలేదు, పొరుగువాళ్ళు చెప్పారు.

భూస్థాపనకు శేషగిరిగారు కారులో వచ్చి దండ వేశారు. నా పక్కన నిలబడి, "కష్టజీవమ్మా. ఇప్పుడంతా అకౌంట్లో ఊరికే డబ్బులు పడుతుంటే పని చేసేవాళ్ళేరీ? జనం సోమరిపోతులైపోయారు," అన్నారు.

"రైతులకిచ్చే సాయం మీకు పడిందాండీ ఈసారి?" అని అడిగాను.

"పడిందమ్మా."

"తోట గుత్తకిచ్చారు కదండీ?"

"పట్టా నా పేరున ఉంది కదా!" అన్నారు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు. ఆ ముఖంలో లేశమైనా సంకోచం కనబడలేదు. యోహానుకు కనీసం తల దించుకోవడం తెలుసు.

కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులైనా షెడ్డు ఆడవాళ్ళందరూ వచ్చారు. గుత్తదారు పంపిన ఆటో సమాధుల దొడ్డి బయట హారను కొడుతూనే ఉంది. ఒకావిడ గేటు దాకా వెళ్ళి, "లోడు ఆగితే ఆగుద్ది. మట్టి పూడ్చేదాకా మేం రాం. హారను కొట్టమాక," అని చెప్పి వచ్చింది. హారను ఆగింది.

అందరూ వెళ్ళాక యోహాను భార్య సుజాత మట్టి దగ్గరే కూర్చుండిపోయింది. లేపబోతే అప్పుడు చెప్పింది. కిందటేడు పిల్లల చదువుకని ఆమె ఖాతాలో డబ్బు పడితే, యోహాను తాగొచ్చి ఏటీఎం కార్డు కోసం ఆమె జుట్టు పట్టుకున్నాడట. అత్త వచ్చి ఇద్దరి మధ్య నిలబడిందట. "అది బడికెళ్ళే పిల్లలకొచ్చిన డబ్బురా. నువ్వెళ్తావా బడికి? పద, నేనే చేర్పిస్తా," అందట. అతను తోస్తే అత్త గోడకు తగిలి పడింది. లేచి మళ్ళీ అక్కడే నిలబడింది. కార్డు ఇవ్వనివ్వలేదు. పిల్లలు ఆ ఏడు బడి మానలేదు.

"ఈ నెల్లో మళ్ళీ పడతయ్యంట అక్కా," అంది సుజాత. "ఇయ్యేడు మధ్యలో ఎవరు నిలబడతారు?"

డబ్బు పంపడం ప్రభుత్వాలకు తెలిసింది; అది క్షణంలో ఎంత మారుమూలకైనా చేరుతోంది. చేరినచోట దాన్ని కాపాడటానికి మా ఇంటికి ఎస్తేరత్త ఉండేది. ఆమె ఒక్కతే ఉండేది. సుజాత ప్రశ్నకు నేను నిలబడతానని అనడానికి నోరు తెరిచాను. మైలవరం నుంచి వచ్చి ఏ పూట నిలబడగలనో నాకే తెలియలేదు. ఆమె చేయి పట్టుకుని అక్కడే కూర్చున్నాను. మా అత్తకు నేను సమర్పించగలిగిన నివాళి ఆ రోజుకు అదే.