శ్రీరంగపట్నం నాటకంలో మనవాళ్లు

రిటైరైన సోషల్ టీచర్ని జనం ఇంట్లో ఊరికే కూర్చోనివ్వరు. హసన్‌పర్తిలో ప్రైవేటు స్కూలు నడుపుతున్న నా పాత శిష్యుడు పోయిన ఏడాది పంద్రాగస్టుకు నాటకం రాసిమ్మన్నాడు. మైసూరు రాజ్యం స్వాతంత్ర్యం పోగొట్టుకున్న శ్రీరంగపట్నం యుద్ధం రాసిచ్చాను. ఉన్నదున్నట్టే రాశాను. ఆ కోట మీదికి ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో పాటు నిజాం సైన్యం కూడా వెళ్లింది. అప్పుడు మన ఓరుగల్లు ఆ నిజాం ఏలుబడిలోనే ఉంది. అందుకే ఆ సీనుకు 'మనవాళ్లు వచ్చారు' అని పేరు పెట్టాను. మిగతా నాటకం ఎలా పోయినా నాకు ఆ ఒక్క సీను ఉంటే చాలు.

వారం తిరక్కుండానే శిష్యుడు మళ్లీ వచ్చాడు.

"టీచర్, గా సీను తీసేద్దాం. మా పిల్లగాడు ఇంగ్లీషోళ్ల దిక్కు ఎందుకు నిలబడాలె అని పేరెంట్స్ కొట్లాడుతాండ్లు."

"నిలబడ్డరు కద బిడ్డా. గదే కద కథ."

"జర అర్థం చేసుకోండ్రి టీచర్. వచ్చే ఏడాది అడ్మిషన్లు ఉంటయి."

నాకు ఒళ్లు మండింది. చరిత్రకు కూడా పేరెంట్స్ మీటింగు పెడతారని నాకు తెలియదు. సీను ఎగిరిపోయింది.

ఇక ప్రతి తల్లికీ తన బిడ్డ మైసూరు వీరుడే కావాలి. ఒకావిడైతే తన కొడుకు అందరికంటే చివర, స్టేజీ ముందరే చావాలంది, ఫొటో బాగా వస్తుందట. ఇంగ్లీషు సైన్యానికి నలుగురే దొరికారు. వాళ్లూ అక్కడి టీచర్ల పిల్లలు, కాదనే ధైర్యం లేనివాళ్లు. వాళ్లకు మట్టెవాడ నుంచి పెళ్లి బ్యాండువాళ్ల ఎర్ర కోట్లు తెచ్చి తొడిగారు. చేతులు మోకాళ్ల దాకా వేలాడాయి.

పంద్రాగస్టు నాడు ఆ నలుగురు దొరలు కోటలోకి నడిచారు. స్టేజీ నిండా ఉన్న వీరులు టపటపా కూలిపోయారు. ఒకడు తల ఎత్తి, వాళ్లమ్మ వీడియో తీస్తోందో లేదో చూసుకుని మళ్లీ చచ్చాడు. జనం పడీపడీ నవ్వారు. ఒక రాజ్యం కూలిన రోజును చూసి అలా నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

'మనవాళ్లు వచ్చారు' సీను తీసెయ్యాలని స్కూలుకొచ్చి అందరికంటే గట్టిగా కొట్లాడిన తండ్రి నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. నా వైపు వంగాడు.

"ఏం రాసిండ్లు మేడం? నలుగురే గింతమందిని ఎట్ల గెలుస్తరు? వాళ్లెంబడి ఇంకెవ్వరు రాలేదా?"

"వచ్చిండ్లు," అన్నాను. "గీ కుర్చీలల్ల కూసున్నరు."