రాఖీ పున్నమికి మూసిన షాపు

మొగుడు పోయిన ఆడది రోడ్డు మీద ఇడ్లీ బండి పెట్టుకుంటే ముందుగా నేర్చుకోవాల్సింది పిండి రుబ్బడం కాదు, "అన్నా" అనడం. "ఏం కావాలన్నా", "చట్నీ అయిపోయిందన్నా", "కాస్త జరగన్నా" అని ప్రతి మాట చివరా ఆ ముక్క తగిలిస్తే ఎదుటివాడి చూపు తనంతట తానే కిందికి దిగుతుంది. మణుగూరులో బొగ్గుబాయి కాలనీ మలుపు దగ్గర బండి పెట్టిన కొత్తలోనే ఈ సంగతి నాకు తెలిసిపోయింది. నాకసలే ముక్కు మీద కోపం. ప్రతివాడితో తగాదా పెట్టుకునే కన్నా ఆ మాట అనడం తేలిక. పొయ్యి వెలిగించినప్పటి నుంచి గిన్నెలు తోముకునే దాకా అదే మాట. నాకంటే చిన్నవాళ్ళని కూడా అన్నా అనేసేదాన్ని.

మా ఆయన బాయిలో పనిచేసేవాడు. సొంత మేనబావ. ఎర్రుపాలెం దగ్గర మా ఊళ్ళో మిరప చేలల్లో కలిసి ఆడుకున్నవాళ్ళం. మాటలు వచ్చినప్పటి నుంచి "బావా" అనే పిలిచాను, పెళ్ళయ్యాకా అదే పిలుపు. కామెర్లు ముదిరి పోయాడు. పిల్లలు లేరు. పదకొండో రోజున మా తమ్ముడు పుట్టింటి చీర తెచ్చి నా భుజాల మీద కప్పాడు. మా వైపు భర్త పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు ఆ చీర పెట్టాల్సిందే. పోయినవాడు మా ఇంటి అల్లుడు అని పదిమందిలో చెప్పడం అది. చీర కప్పుతూ వాడు నాకంటే ఎక్కువ ఏడ్చాడు. మాతో వచ్చెయ్ అక్కా అన్నాడు. నేను పోలేదు. మరదలి చేతి కూడు తింటూ మూలన కూర్చునే ఒళ్ళు కాదు నాది.

నా బండి పక్కనే, ఒకే రేకు నీడలో, సైకిళ్ళ పంక్చర్ షాపు ఉండేది. ఆయన చర్ల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, నాకంటే కొంచెం పెద్ద. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నీళ్ళ తొట్టి ముందు గొంతుక్కూర్చుని, ట్యూబు ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయా అని చూస్తుండేవాడు. మొదటి రోజే "అన్నా, నీ తొట్టి కాస్త జరుపు, నా ఇడ్లీల మీద చిందుతోంది" అన్నాను. "సరే మేడం" అని జరిపాడు. మేడమట! బొగ్గు లారీల దుమ్ము పడకుండా ఇడ్లీల మీద తడిగుడ్డ కప్పుకుంటూ, మసి చేతులతో నిలబడ్డదాన్ని పట్టుకుని మేడం అంటే ఒళ్ళు మండదూ? ఎన్నిసార్లు తిట్టినా ఆ పిలుపు మాత్రం మానలేదు.

ఒక రోజు "మేడం, చట్నీల కారం జర ఎక్కువెయ్యి" అన్నాడు. మా పక్క కారం మామూలు కారం కాదు. రోజూ వేసే చట్నీకే ఆయనకు చెమటలు పట్టేవి. "చస్తావన్నా" అన్నాను. "ఎయ్యి, ఏం గాదు" అన్నాడు. వేశాను. కళ్ళలో నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. మళ్ళీ ఏడాది, అదే వానల రోజుల్లో, మళ్ళీ అదే అడిగాడు. ఆయన భార్య చలిజ్వరంతో పోయిందనీ, ఊరి నుంచి భద్రాచలం దవాఖానాకు చేరకముందే దారిలోనే ప్రాణం పోయిందనీ అప్పటికి ఎవరో చెప్పగా విని ఉన్నాను. గొంతు తగ్గించి అడిగాను.

"ఏంది, ఇయ్యాల ఆమె పోయిన దినమా?"

"అవ్" అన్నాడు. అంతే.

నేనూ ఒక ప్లేటు తీసుకుని, అదే చట్నీ వేసుకుని, తొట్టి పక్కన కూర్చుని తిన్నాను. మా బావ గుర్తొచ్చి నేనూ ఏడ్చాను. ఎవరైనా చూస్తే కారం ఎక్కువైందని అనుకోవాలని ఇద్దరం గట్టిగా దగ్గాం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ తర్వాత కూడా నా మనసులో ఏమీ లేదు. ఉంటే ఆ రాఖీ కొనేదాన్నా? ఏటా రాఖీ పున్నమికి ఎర్రుపాలెం పోయి తమ్ముడికి కట్టి వచ్చేదాన్ని. ఆ ఏడు వాగులు పొంగి ఖమ్మం వైపు బస్సులు ఆగిపోయాయి. ముందురోజు బండి దగ్గర దిగాలుగా ఉంటే ఎవరో అన్నారు, "గింతదానికి రందెందుకు? పక్కనే నీ అన్న ఉండె గదా, ఆయనకు కట్టరాదు?" నిజమే కదా అనిపించింది. పొద్దున్నే ఎర్ర రాఖీ ఒకటి, పళ్ళెంలో బొట్టు, ఇంత బెల్లం పెట్టుకుని వెళ్ళాను. షాపు మూసి ఉంది. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా ఆయన షాపు మూయగా నేను చూడలేదు. సాయంత్రం దాకా పళ్ళెం బండి మీదే ఉంది. బెల్లానికి చీమలు పట్టాయి.

మర్నాడు వచ్చాడు. భద్రాచలం పోయాడట. ప్రసాదం లడ్డు నా ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు తొట్టిలో నీళ్ళు నింపుకుంటున్నాడు. అగ్గి మీద గుగ్గిలమయ్యాను.

"ఏందన్నా, నేను రాఖీ కడితే నీ చెయ్యి పుచ్చిపోతదా? చీర పెట్టాల్సొస్తదని పారిపోయినవా? నేనేమన్న అడిగిన్నా నిన్ను?"

నా అరుపులకు తింటున్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని దూరం జరిగారు.  అందరూ పోయాక, ట్యూబు వంకే చూస్తూ ఆయన అన్నాడు.

"నిన్ను నేను ఎన్నడన్న చెల్లె అన్ననా?"

ఆలోచించాను. కాలనీలో మగవాళ్ళందరూ నన్ను చెల్లె అనో అక్క అనో ఏదో ఒకటి అనేవాళ్ళు. మేడం అన్నది ఈయన ఒక్కడే.

"గా దారం ఒక్కసారి కట్టించుకున్ననంటే మళ్ళ ఇప్పరాదు. గందుకే పోయిన."

 యాభైకి దగ్గరపడ్డదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. "ఛీ, నీ మొహం మండ" అని ఆ పూటకి బండి కట్టేసి ఇంటికి పోయాను. తలుపేసుకుని బావ ఫోటో ముందు కూర్చుని తనివితీరా ఏడ్చాను. నిన్ను మర్చిపోయి కాదు బావా అని చెప్పుకున్నాను. ఏడుస్తూ ఏడుస్తూనే ఆ లడ్డంతా తినేశాను.

మా తమ్ముడికి చెప్పనిదే పెళ్ళి జరగదని ఆయనతో ఖచ్చితంగా చెప్పాను. వాడు మిరపకాయలు ఖమ్మం యార్డుకు తెచ్చినప్పుడల్లా మణుగూరు బస్సెక్కి నన్ను చూడటానికి వచ్చేవాడు. ఆయన షాపులో స్టూలు మీద కూర్చుని టీ తాగేవాడు. నన్ను చూసి వాడూ ఆయన్ని అన్నా అనే పిలిచేవాడు. ఈసారి వచ్చినప్పుడు ఇంటికి తీసుకుపోయి, టీ ఇచ్చి, సంగతి చెప్పాను. గ్లాసు వాడి చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఏందక్కా నువ్వనేది? నువ్వు అన్నా అన్నావని నేనూ అన్నా అన్నాను. అన్నంటే నీకూ అన్నే, నాకూ అన్నే. ఇప్పుడు ఆ మనిషిని బావా అని ఎట్టా పిలవమంటావు? నా నోరు తిరగొద్దూ?"

"ఊరికే నోటిమాటరా అది. అందర్నీ అంటాను."

"అందర్నీ అంటావు. అందర్నీ చేసుకుంటావా?"

లాగి చెంప మీద ఒకటిచ్చాను. పెద్దయ్యాక వాణ్ణి కొట్టడం అదే మొదలు. వాడు గ్లాసు కింద పెట్టాడు. "నాకు ఒక్కడే బావ. ఆయన పోయాడు. ఇంకో బావ లేడు" అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. వాడు తాగకుండా వదిలేసిన టీ నేను చాలాసేపు పారబోయలేకపోయాను.

అయినా నేను ఆగలేదు. భద్రాచలంలో గోదావరి ఒడ్డున ఆయన నా మెడలో పసుపుకొమ్ము దారం కట్టాడు. నా వైపు నుంచి ఒక్క మనిషి లేడు. "రాఖీ దారానికి భయపడి పారిపోయినోడివి, నాకు మాత్రం మంచిగ కట్టినవ్" అని నవ్వబోయాను. తిరిగి వస్తుంటే, బస్సు వంతెన ఎక్కగానే, కింద ఎర్రటి నీళ్ళు చూస్తూ ఏడుపు ఆపుకోలేకపోయాను. ఎందుకని ఆయన అడగలేదు. "కారం తిన్నవా మేడం" అన్నాడు మెల్లగా.

మేము కలిసి బతికింది కొద్ది ఏళ్ళే. ఆ ఏళ్ళన్నీ ఆయన్ని ఏమని పిలవాలో నాకు తెలియలేదు. "బావా" అనలేను, అది పోయినాయన పిలుపు. "ఏమండీ" అంటే ఆఫీసర్ల భార్యల్లా ఉంటుంది, నాకే నవ్వొచ్చేది. పేరు పెట్టి పిలువు అన్నాడు కానీ నోరు రాలేదు. అలవాటున "అన్..." అని సగం బయటికొచ్చేసేది, మిగతా సగం మింగేసేదాన్ని, ఇడ్లీలు తినేవాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. చివరికి విసుగొచ్చి గరిటెతో ఇడ్లీ పాత్ర మూత మీద టంగుమని కొట్టడం మొదలుపెట్టాను. ఆయన రిపేరుకొచ్చిన ఏదో ఒక సైకిల్ బెల్లు టింగుమనిపించి లేచి వచ్చేవాడు. మా మొగుడూ పెళ్ళాల పిలుపులు అవే.

తమ్ముడు మళ్ళీ రాలేదు. ఏటా రాఖీ పోస్టులో పంపేదాన్ని, జవాబు ఉండేది కాదు. నాకంటే ఎక్కువగా ఆయనే దాన్ని మనసులో పెట్టుకున్నాడు. మొదటామెకు అన్నదమ్ములు లేరు. "నన్ను బావా అన్నోడు ఈ భూమ్మీద ఒక్కడు లేడు మేడం. మీ తమ్ముడొచ్చి ఒక్కసారి అంటే సాలు, నాకింకేం వద్దు" అనేవాడు. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్నాయి. ఆయనా ఒకటి సంపాదించి, మా తమ్ముడి నెంబరు నొక్కి, అటునుంచి హలో అనగానే భయపడి కట్ చేసేవాడు. "బావా అనిపించుకోవడానికి అంత మొహం వాచిపోయావా" అని కసిరేదాన్ని. కసిరి, లోపలికి పోయి కళ్ళు తుడుచుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం గరిటె కొట్టాను. బెల్లు మోగలేదు. మళ్ళీ కొట్టాను. తొంగి చూస్తే తొట్టి పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. తడి ట్యూబు ఇంకా చేతిలోనే ఉంది.

ఎవరిదో జీపులో ఖమ్మం తీసుకుపోయాం. గుండె అన్నారు. దవాఖానాలో తలుపు దగ్గర నర్సు నన్ను ఆపి, "పేషెంటు నీకేమైతడమ్మా?" అంది. తలుపు సందులోంచి ఆయన్నే చూస్తున్నాను.

"మా అన్న" అన్నాను.

"అయితే వాళ్ళింటామెను తోలియ్యి" అని తలుపు వేయబోయింది. "నేనే! నేనేనమ్మా ఇంటామెను!" అని తలుపు పట్టుకుని అరిచాను. ఆ అమ్మాయి పిచ్చిదాన్ని చూసినట్టు చూసి దారి ఇచ్చింది.

ఆయన మెలకువగానే ఉన్నాడు. అంతా విన్నాడు. "పెండ్లయినంక గూడ అన్ననేనా మేడం" అన్నాడు ఊపిరి తీసుకుంటూ. నేను మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చాను. ఏమని పిలవాలో చెప్పు, ఇప్పట్నుంచి అట్లనే పిలుస్త అన్నాను. "మూత మీద కొట్టు, సాలు" అన్నాడు. అక్కడ మూతా లేదు, గరిటే లేదు. మంచం ఇనప పట్టె మీద వేలితో కొట్టాను. ఆయన కూడా వేలితో చిన్నగా కొట్టాడు. మర్నాడు పొద్దున పోయాడు.

తమ్ముడికి కబురు చెప్పించాను కానీ వస్తాడన్న ఆశతో కాదు. పదకొండో రోజు కాలనీ ఆడవాళ్ళు వచ్చారు. గాజులు తీసే వేళకి పుట్టింటి చీర ఏదని ఒకామె అడిగింది. ఇంకొకామె మూతి తిప్పింది. "ఏం చీర? అన్నా అని పిలిచి చేసుకున్నదానికి పుట్టింటోళ్ళు చీర తెస్తరా? గది పెండ్లని ఎవరొప్పుకున్నరు?" ఇంకో రోజైతే ఆ నోటికి నా నోరు చూపించేదాన్ని. ఆ రోజు ఓపిక లేదు. ఒంటి మీదున్న పాత చీరతోనే కానిచ్చెయ్యండి అన్నాను.

అప్పుడే వాకిట్లో కూర్చున్న ముసలామె ఎవరినో ఆపి అడగడం వినిపించింది.

"ఎవరు బిడ్డా నువ్వు? పోయినాయన నీకేమైతడు?"

నర్సు అడిగిన మాటే.   అటునుంచి ఎవరో గొణిగారు. ముసలామెకు అందలేదు. "ఏంది?" అంది మళ్ళీ.

"బావ!" అన్నాడు మా తమ్ముడు, వీధంతా వినపడేలా. "మా బావ పోయాడమ్మా."

లోపలికి వచ్చి, చంకలోని కవరు విప్పి, చీర నా భుజాల మీద కప్పాడు. నేను లేచి రెండు చేతులతో వాడి రొమ్ము మీద కొట్టాను. "ఇప్పుడారా! ఇప్పుడా నీకు నోరు తిరిగింది!" వాడు ఆపలేదు, కొట్టించుకుంటూ నిలబడి ఏడ్చాడు. మూతి తిప్పినామె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ ఒక్క మాట నెల ముందు అని ఉంటే, ఆ పిచ్చి మనిషి షాపులో ఉన్న సైకిళ్ళ బెల్లులన్నీ మోగించేవాడు.