తివాచీ తిరగేసిన మా బాపు

ఆ రోజుల్లో కొత్తదంటే చాలు, నేను కళ్లు మూసుకుని గొప్పదనుకునేదాన్ని. మడికొండలో కంప్యూటర్ల కంపెనీలో అప్పుడే ఉద్యోగంలో చేరాను. మెడలో ఐడీ కార్డు ఆదివారం కూడా తీసేదాన్ని కాదు (కూరగాయలకు వెళ్లినా అది వేలాడాల్సిందే). అలాంటి వైభవంలో ఉండగా ఆఫీసు వేడుకలో లాటరీ తీస్తే నా చీటీ వచ్చింది. ఊరి అవతలి అమ్యూజ్‌మెంట్ పార్కులో ముగ్గురికి ఆటలు, అక్కడి హోటల్లోనే ఒక రాత్రి బస! మా బాపు కొత్తవాడలో జంఖానాలు నేసే మనిషి. పండగనాడు కూడా మగ్గం మీద చెయ్యి వేయందే ఆయనకు అన్నం సయించదు. జ్వరానికి తప్ప సరదాకు సెలవు తీసుకోగా నేను చూడలేదు. ఒక్కరోజైనా ఆయన్ను పని మాన్పించి దొరలా కూర్చోబెట్టాలని నా పంతం.

"ఆటో ఎక్కితె అర్ధగంటల ఇంట్ల ఉంటం. ఇల్లుండంగ రూమెందుకే?" అన్నాడు బాపు. "ఫికర్ చెయ్యకు బాపూ, ఫ్రీ" అన్నాను. ఆ మాట చెవిన పడగానే అమ్మ చీరలు సర్దేసింది.

"పాత బ్లాకుల ఒకటి, కొత్త బ్లాకుల ఒకటి ఖాళీ ఉన్నయి మేడం. రెండూ సూసి చెప్పుండ్రి" అంది రిసెప్షన్‌లోని అక్క. ముందు కొత్త గదికి తీసుకెళ్లింది. ఏసీ, అద్దాల గోడ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెత్తటి తివాచీ. ఆఫీసు గ్రూపులో పెట్టడానికి నేను ఫోటో తీసుకుంటుంటే వెనకాల చర్రుమని చప్పుడైంది. చూస్తే బాపు మోకాళ్ల మీద కూర్చుని, తివాచీ మూల పట్టుకుని పైకి లాగుతున్నాడు. (నేసేవాళ్లకు ఇదొక అలవాటు. బట్టను పైనుంచి చూసి ఎవరూ మెచ్చుకోరు, తిరగేసి చూశాకే మాట. మా చుట్టాలు పెళ్లిపందిట్లో కూడా జంఖానా కొస ఎత్తి చూసిగాని కూర్చోరు.)

"అయ్యో అంకుల్, అది గమ్ముతోని అంటిచ్చింది!" అంది అక్క.

"ఎనుక సూపియ్యని బట్టను ఎట్ల నమ్ముతం బిడ్డా?" అన్నాడు బాపు తాపీగా. నాకు తల కొట్టేసినట్టయింది. లేచిన మూలను కాలితో తొక్కి, అక్కడే నిలబడిపోయాను.

పాత గదిలో రెండు మంచాలు, కిర్రుమనే ఫ్యాను, చెక్క కిటికీ ఉన్నాయి. మంచాల మధ్య ఎర్ర, నీలం చారల జంఖానా పరిచి ఉంది. బాపు దాన్ని ఠక్కున తిరగేశాడు. "ముందెట్లున్నదో ఎనుక గట్లనే ఉన్నది. చేతి నేత. గిదే తీస్కుందాం" అన్నాడు. అంచు దగ్గర ముడులు ఊడి, అడ్డపోగులు జారిపోతుంటే అక్కడ ఆయన వేలు కాసేపు ఆగింది. "కొత్త రూంల వేడినీళ్లు మంచిగొస్తయేమో" అంది అమ్మ. నేను ఆ మాట పట్టుకుని కొత్తదే కావాలని మొండికేశాను. "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు బాపు. గెలిచానని పొంగిపోయాను.

భోజనం గదికే తెప్పించుకున్నాం. తిన్నాక బాపు కాసేపు నడుం వాలుస్తానంటే, అమ్మా నేనూ ఆటలకు వెళ్లాం. తిరిగొచ్చేసరికి గది ఖాళీ. నీళ్ల కొలను దగ్గర లేడు, జెయింట్ వీల్ దగ్గర లేడు. ఫోన్ దిండు కిందే ఉంది. "ఆయనకు ఈత రాదే!" అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నేను రిసెప్షన్‌కు పరుగెత్తాను. విషయం వినగానే అక్క మమ్మల్ని పాత బ్లాకుకు నడిపించింది.

బాపు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. భోజనంతో వచ్చిన ఫోర్కుతో (దాని అసలు ఉపయోగం ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది) జారిన పోగులను టకటకా వెనక్కి కొడుతూ, కొసలు పురిపెట్టి ముడులు వేస్తున్నాడు. నాకు అంతదాకా ఉన్న భయమంతా కోపమైంది.

"ఒక్కరోజు పని చెయ్యకుంట ఉండలేవా బాపూ? గిందుకేనా నిన్ను తీసుకొచ్చింది?"

"నేను వద్దనే అన్న మేడం, ఇనలే" అంది అక్క భయంగా.

బాపు చేతిలో ముడి బిగించాకే తలెత్తాడు. "పనెక్కడిదే? పనంటె ఇంకొకలు చెప్పాలె, మాలు ఎప్పుడిస్తవని అడగాలె. ఇది నన్నెవ్వలు చెయ్యమనలే. ముప్పయ్యేండ్ల సంది నా ఖుషీకి నేను ఒక్క ముడి ఎయ్యలే బిడ్డా. ఇయ్యాల మస్తుగున్నది."

పక్కన కూర్చుని రెండో కొస పట్టుకున్నాను. "ఆ ఫోర్కు మల్ల వాళ్లకిచ్చెయ్యుండ్రి" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు అంతకన్నా పెద్ద హోటళ్లకే సెలవులకు వెళ్తున్నాను. వెళ్లిన చోటల్లా ల్యాప్‌టాప్ ఒళ్లో ఉంటుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎప్పుడిస్తావని అడుగుతూనే ఉంటారు. మొన్న ఒక మధ్యాహ్నం దాన్ని మూసేసి, ఎవరూ చెప్పని పని ఏదైనా నా ఖుషీకి చేద్దామని కూర్చున్నాను. ఎంత ఆలోచించినా ఏదీ తోచలేదు. దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాను. నా మీద నాకే నవ్వొచ్చింది. ఆ రోజు బాపు నిజంగానే సెలవు తీసుకున్నాడు. నాకే ఇంకా దొరకలేదు.