బావ చేతిలో తాడు

అండమాన్ దీవుల ఫొటోలు చూపించి ఎవరైనా "ఎంత బాగున్నాయో చూడండి" అంటే, నాకు ముందు నడుం నొప్పి గుర్తొస్తుంది. డెబ్బైల చివర్లో ఆ దీవుల మధ్య ఒక లాంచీ మీద కాపురం పెట్టినవాణ్ణి నేను. తినడం, పడుకోవడం, బట్టలు ఆరేసుకోవడం అన్నీ దాని మీదే. డీజిలు వాసన అన్నంలోకి కూడా వచ్చేది. ఇంటి నుంచి మోసుకెళ్ళిన ఆవకాయ జాడీ లేకపోతే మొదటి వారంలోనే మద్రాసు ఓడ ఎక్కేసేవాణ్ణి.

నా పని నీళ్ళలో మునగడం. విజయవాడ బ్యారేజీ గేట్ల కింద, కాలవ లాకుల దగ్గర, ఇబ్రహీంపట్నం వైపు రేవుల్లో, ఎక్కడ ఏం చెడినా దిగి చూసి రావాలి. చూసి రావడమన్నది మాటవరసకే. కృష్ణలో అడుగుకి వెళ్తే మన చెయ్యి మనకే కనపడదు. తెరిచినా మూసినా ఒకటే గనక నేను కళ్ళు మూసుకునే పని చేసేవాణ్ణి. బురదలో బోర్లా పడుకుని, రెండు చేతులతో రాతినీ ఇనుమునీ తడుముకుంటూ పోతే పగులెక్కడుందో వేళ్ళకి తెలిసేది.

మొహానికి మాస్కు, పడవలో ఇంజను గాలి కొడితే కిందికొచ్చే గొట్టం, నడుముకి తాడు. ఆ తాడు రెండో కొస మా బావ చేతిలో ఉండేది. ఆయన మా అక్క మొగుడు, పైగా మేనత్త కొడుకు. వాళ్ళ కాపురం కంకిపాడులో, మాది పటమటలో. ఒకసారి లాగితే తాడు ఇంకాస్త వదలమని, రెండుసార్లు లాగితే ఆపమని, మూడుసార్లు లాగితే పైకి తియ్యమని మా మధ్య లెక్క. ఏమీ లాగకపోతే అంతా బాగున్నట్టు. నేను దిగేముందు బావ నా నెత్తిన చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, రెండు ముక్కలు ప్రార్థన చేసేవాడు. ఆ కళ్ళు మళ్ళీ నేను పైకొచ్చేదాకా తెరిచేవాడు కాదు.

"తెరిస్తే పడవల్నీ కొంగల్నీ చూస్తా కూర్చుంటాను రా. తాడు కదిలింది తెలీదు" అనేవాడు.

అలా కింద నేను, పైన ఆయన, ఇద్దరం కళ్ళు మూసుకునే చాలా ఏళ్ళు పిల్లల్ని పోషించుకున్నాం. బావ తప్ప ఇంకెవరు తాడు పట్టుకున్నా నేను దిగేవాణ్ణి కాదు.

మాకు పనులిచ్చే కాంట్రాక్టరుకి అండమాన్ దీవుల్లో పడవల రేవుల కొయ్య స్తంభాలు పరీక్ష చేసే పని దొరికింది. ఒక దీవి కాగానే ఇంకో దీవికి, లాంచీ మీదే తిరగాలి. అప్పటికే నాకు చెవుల్లో హోరు మొదలైంది, ఒంట్లో ఓపిక తగ్గింది. వద్దనుకున్నాను. బావే ఒప్పించాడు. అక్క ఆవకాయ జాడీ మూతికి గుడ్డతో వాసెన కడుతూ, "వస్తే ఇద్దరూ కలిసి రండి. ఒక్కడే వచ్చేట్టయితే నా గుమ్మం ఎక్కొద్దు" అంది.

మొదటి రేవులో దిగి అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. ఎందుకో ఒకసారి తెరిచాను. కింద తెల్లటి ఇసుక, దాని మీద నా నీడ. మోచేతి పక్కనుంచి పచ్చటి చేపలు పోతున్నాయి. పైకి చూస్తే లాంచీ అడుగు, దాని పక్కన వంగి చూస్తున్న బావ మొహం. నాకేం ఆనందం కలగలేదు. మేడ మీద నుంచి వేలాడుతున్నట్టుంది. గబగబా కళ్ళు మూసుకుని, స్తంభం మొదట్లో బోర్లా పడుకుని పనిలో పడ్డాను.

కాసేపటికి నడుం దగ్గర తాడు బిగిసింది. నేను లాగలేదు. అయినా బస్తాని లాగినట్టు నన్ను పైకి లాగేస్తున్నారు. చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది, ముక్కు వెంట రక్తం వచ్చింది. లాంచీ మీద పడేసరికి బావ నా భుజాలు పట్టుకుని కుదిపేస్తున్నాడు. మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది బావా?"

"నువ్వు కదల్లేదు రా. శవంలా బోర్లా పడున్నావు."

"నేనెప్పుడూ అంతేగా. బుడగలు వస్తన్నాయి గదా, చూళ్ళేదా?"

"ఆ బుడగలు ఇంజను కొట్టే గాలివి. నీ ఊపిరియి కాదు గదా."

నేను పని చేస్తుంటే ఆయన చూడటం ఇన్నేళ్ళలో అదే మొదటిసారని అప్పుడు తట్టింది.

మర్నాడు కళ్ళు మూసుకునే కూర్చుంటానన్నాడు. కూర్చోలేకపోయాడు. మళ్ళీ లాగేశాడు. రెండో దీవిలోనూ అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. "నన్ను చంపేది ఈ సముద్రం కాదు, నువ్వే" అన్నాను. బావ కంచంలో అన్నం అలాగే వదిలేసి వెళ్ళి లాంచీ కొసన కూర్చున్నాడు.

మాతో వచ్చిన సూపర్వైజరు మర్యాదస్తుడు. నన్ను పక్కకి పిలిచి, "ఏమండీ, రేపట్నుంచి తాడు లాంచీ నడిపే మన సరంగుకిద్దామండీ. మీ బావగారు వంట చూసుకుంటారు" అన్నాడు. బావకి వినపడకుండా ఉండేంత పెద్దదేం కాదు ఆ లాంచీ. తాడు ఇక్కడ చేతులు మారితే, ఇంటికెళ్ళాక కూడా బావ దాన్ని ముట్టుకోడు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఈ వయసులో కొత్తవాడి చేతిలో ప్రాణం పెట్టి దిగే ఓపిక నాకు లేదు. పని మానేస్తే బతికే దారీ లేదు.

పొద్దున నేను మాస్కు పెట్టుకుంటుంటే బావ వచ్చి, భుజం మీది తువ్వాలు మడిచి నా చేతికిచ్చి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"కళ్ళకి కట్టు. గట్టిగా కట్టు, సందుంటే చూస్తాను."

కట్టాను. సరంగు నవ్వాడు గాని సూపర్వైజరు నవ్వలేదు. మిగతా దీవులన్నీ అలాగే పూర్తి చేశాం. ఉప్పుకి ఒళ్ళంతా పగిలింది. నిద్దట్లో కూడా లాంచీ ఊగుతూనే ఉండేది. ఆవకాయ అడుగంటింది. నేను నీళ్ళ కింద ఉన్నంతసేపూ నడుం దగ్గర తాడు సన్నగా వణికేది. అలల వల్లనుకున్నాను. అల లేని రోజు కూడా వణికింది. ఆ మాట నేను బావని అడగలేదు.

ఇల్లు చేరాక అక్క మా ఇద్దరినీ తేరిపారా చూసి, సముద్రం ఎలా ఉందని అడిగింది. ఉప్పగా ఉందన్నాను. బావ స్నానానికి లేచిపోయాడు.

వానలు పడ్డాక బ్యారేజీ దగ్గర పని వచ్చింది. నీళ్ళు ఎర్రగా, చిక్కటి టీలా ఉన్నాయి. బావ నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాక కళ్ళు తెరిచి ఆ బురద నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నాడు.

"ఇక్కడ చూడటానికేం ఉంది బావా? కళ్ళు మూసుకో" అన్నాను.

"మూసుకుంటే నువ్వు కనపడతన్నావు రా. బోర్లా పడుకుని."

"మరి దీవుల్లో తువ్వాలు కట్టుకుని ఎలా కూర్చున్నావు?"

"కూర్చున్నాను అంతే. నువ్వు దిగు, పొద్దుపోతంది."

దిగాను. గేటు కింద బురదలో బోర్లా పడుకుని తడమడం మొదలుపెట్టాను. ఇక్కడ అలల్లేవు. గేట్లు మూసి ఉన్నాయి, ప్రవాహమూ లేదు. అయినా నడుం దగ్గర తాడు వణుకుతూనే ఉంది. పని ఆపి, తాడు పట్టుకుని మెల్లగా లాగాను. ఒకటి, రెండు, మూడు. మూడుకి పైకి తీసెయ్యాలి. ఆయన ఆగాడు. నాలుగోది లాగాను. మా లెక్కలో నాలుగుకి అర్థం లేదు.

తాడు వణకడం ఆగింది. కాసేపటికి పైనుంచి, మెల్లగా, నాలుగు లాగులు వచ్చాయి.