సున్నం కోసం రాసిన ఉత్తరం

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. పొద్దున బకెట్లో సున్నం కలుపుతుంటే ఆ ఘాటు ముక్కుకు తగిలి రూతమ్మ టీచరుగారు గుర్తొచ్చారు. బందరులో మా పక్కింటావిడ. నేనేమో చేపలమ్ముకునేదాన్ని, మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆవిడ భర్త ఓడలో వంటమనిషిగా వెళ్ళి, స్పానిషు మాట్లాడే ఏదో రేవులో జబ్బుచేసి పోతే అక్కడే పూడ్చారు. సమాధి ఫొటో ఒక్కటే ఇల్లు చేరింది. ఏటా సమాధుల పండుగకి అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేస్తుంటే, ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చునేవారు.

రిటైరయ్యాక, ఏడాదికొక్కసారి ఆ సమాధికి సున్నం వేయమని ఆ ఊరివాళ్ళకు ఉత్తరం రాయాలనుకున్నారు. ఫోనే వాళ్ళ భాషలో రాసిపెడుతుంది కదండీ అన్నాను. "అడుక్కునేది నేను. నా నోటికి రాని మాటతో ఎలా అడుగుతానే?" అన్నారు. అలా ఫోనులో ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆవిడకి పొద్దున నేర్చింది సాయంత్రానికి నిలిచేది కాదు. నాకు ఒక్కసారి వింటే చాలు. "నువ్వే నా నోటుబుక్కువే నాంచారమ్మా. బుట్ట దించి స్పానిషు చదువుతున్నావంటే మీ ఆయన నన్ను తిడతాడేమో" అని నవ్వేవారు. ఊళ్ళో కాపురముండేవాడు అబితాంతె. పక్కింటివాడు బెసీనో. బయటినుంచి వచ్చినవాడు ఫొరాస్తేరో. ఉత్తరం ఎవరికని మొదలుపెట్టాలో తేలక ఏడాది గడిచింది. చివరికి ఇరుగుపొరుగువారలారా అని, బెసీనోస్ అని రాశారు.

జవాబు ఫోనుకే వచ్చింది. నా ఎదుటే తెలుగులోకి మార్చి చదివారు. ఆ ఊరివాళ్ళు ఎంతో మర్యాదగా రాశారు. అక్కడ సమాధి చోటు కొన్నేళ్ళకే ఇస్తారట, ఆ గడువులోగా ఆయన తాలూకు మనుషులెవరూ రానందున దాన్ని వేరేవాళ్ళకిచ్చి, ఎముకలు తీసి, దిక్కులేనివాళ్ళందరితో కలిపి ఒకే గుంటలో వేశారట. అది జరిగింది మేం మాటలు నేర్చుకుంటున్న ఏడాదిలోనే. ఆవిడ ఏడవలేదు. ఫోను ఒళ్ళో బోర్లించి,

"ఆయన్నిప్పుడు ఏమనాలే? ఆ మూడింటిలో ఏది?" అన్నారు.

నాకన్నీ నోటికొచ్చు. ఆయనకి ఒక్కటీ అతకలేదు.

తర్వాత ఆవిడ ఆ పాఠాల జోలికి పోలేదు. రెండేళ్ళకి కన్నుమూశారు. పిల్లలు లేరు, ఆవిడ సమాధికి ఏటా సున్నం నేనే వేస్తున్నాను. వేస్తూ వేస్తూ మాటలన్నీ అప్పజెబుతాను. తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు లేరు, మరిచిపోదామన్నా పోవు. మోకాళ్ళు వంగడం లేదిప్పుడు. నా తర్వాత ఆ రాయి నల్లబడిపోతుంది.

మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలమ్మా. మీవాళ్ళు ఏ ఊళ్ళో కన్నుమూసినా, పక్కింటివాళ్ళకు వాళ్ళ పేరు తెలిసి ఉండాలి.