ఐదువందల ఒకటి దగ్గర ఆగిన ముల్లు

చంద్రమౌళి చదివింది ఏడో తరగతి, అదీ బోయినపల్లి బడిలో. సిరిసిల్ల సాలె ఇంట పుట్టి, కోరుట్ల కాలేజీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. ఒక్క ప్రాక్టికల్ పరీక్షనూ ఆగనివ్వలేదు. మిషన్ మొరాయిస్తే ఎమ్మెస్సీ లెక్చరర్లే "చంద్రమౌళన్నా" అని కేకేసేవారు.

ఎనభై ఆరులో, తెల్లారితే పరీక్ష. జగిత్యాల నుంచి మందులు తెస్తుంటే మేడిపల్లి దగ్గర పోలీసులు బస్సు ఆపారు. వారం కిందటే దగ్గర్లో ఒక కల్వర్టు పేలింది. చంద్రమౌళి సంచిలో పేర్లు లేని సీసాలు మూడు: యాసిడ్, క్షారం, రంగు.

"బాంబు సామానా బే?" అన్నాడు ఎస్సై.

"కాదు సారూ, ల్యాబు మందులు. రంగు మారుతది, గంతే."

"పసుపుల సున్నం కలిపితె ఎర్రగైతది. మా అవ్వకు సుత ఎర్కనే. నువ్వు ల్యాబోనివని ఎట్ల నమ్మాలె?"

"రంగు మారినా మిషన్ల ముల్లు కదలని జాగ ఒక్కటుంది. రాండ్రి, చూపెడ్త."

"కదిలితె?"

పోలీసులు చంద్రమౌళిని జీపెక్కించి కోరుట్ల ల్యాబుకు తెచ్చారు. ఆ రోజుల్లో జీపెక్కినవాళ్లందరూ ఇల్లు చేరలేదు.

వెలుగును రంగురంగులుగా విడదీసి, గాజు గొట్టంలోని మందు ఏ రంగును ఎంత మింగిందో చెప్పే మిషన్ అది. సంచిలోని రంగు మందు యాసిడ్‌లో పసుపు, క్షారంలో నీలం. వెలుగు రంగును ఎంచే చక్రాన్ని ఐదువందల ఒకటో అంకె దగ్గర పెడితే మాత్రం రెండూ వెలుగును సమానంగా మింగుతాయి.

పసుపు రంగుకు ముల్లు నలభై దగ్గర నిలిచింది. అదే గొట్టంలో క్షారం పోశాడు. నీలమైంది. ముల్లు ముప్పై నాలుగుకు జారింది.

"అయిపాయె నీ కథ," అంటూ కానిస్టేబుల్ భుజం పట్టాడు.

చంద్రమౌళి గొట్టం వైపు చూశాడు. అంచుదాకా నిండింది. నీళ్లెక్కువైన గంజిలా మందు పలచబడింది.

"తప్పు నాదే సారూ! భయానికి క్షారం దండిగ పోసిన. రెండు గొట్టాలల్ల రంగు సమానం పొయ్యాలె. ఒకదాంట్ల ఎంత యాసిడో, ఇంకోదాంట్ల గంతే క్షారం."

"నీ గారడి నడువది. గోడకు నిలవడు. నేనే పోస్త."

ఎస్సై కొలిచి పోశాడు. పసుపు గొట్టానికి ముప్పై ఆరు. నీలానికీ ముప్పై ఆరే. చక్రం మీద అంకె మార్చి చూశాడు. రెండు గొట్టాలకూ ముల్లు చెరో దిక్కు పోయింది. మళ్లీ ఐదువందల ఒకటికి తిప్పాడు. ముప్పై ఆరు, ముప్పై ఆరు.

"సరె, పో," అన్నాడు.

"నేనేడికి పోత సారూ? ఇది నా ల్యాబు. మీరే పోవాలె."

ఎస్సై టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. జీపు చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా చంద్రమౌళి బల్లను వదల్లేదు.

మర్నాడు తొమ్మిదింటికి అరవై రెండు మంది పరీక్ష రాశారు.