పది రావాల్సిన చోట ఒకటిన్నర

మా మేడ మీద వాటాలో ఉండే అన్నయ్యని అందరూ గాజుతీగ అంటారు. వెంట్రుకంత గాజుతీగలో వెలుగు పంపి కంప్యూటర్లని కలపడం ఆయన పని. పదకొండేళ్ళు ఒక కంపెనీలో చేసి, మేనేజరు నోటిదురుసు పడలేక మానేశాడు. మానేశాక తగిలిన మొదటి సొంత పని ఒక వీడియో స్టూడియోది. అది దక్కకపోతే మళ్ళీ ఆ మేనేజరు ముందు చేతులు కట్టుకు నిలబడాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆయన మొహం చేదుమాత్ర చప్పరించినట్టయ్యేది.

స్టూడియో యజమాని సంగతి చెప్పాలంటే, ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. రెండు కంప్యూటర్లు ఇంటికి పంపి, "శనివారంలోగా వీటి మధ్య సెకనుకి పది గిగాబిట్లు చూపించవయ్యా. అప్పుడే మిగతా పదహారు కంప్యూటర్ల పనీ నీది. సామాను మాత్రం చవగ్గా ఉండాలి" అన్నాడు.

కంప్యూటర్లో బిగించి తీగ తగిలించే కొత్త కార్డుల ధర వింటే ఏనుగుకైనా జ్వరం వస్తుంది. అందుకని అన్నయ్య పెద్ద ఆఫీసులు విప్పి అమ్మేసిన పాత కార్డులు తెచ్చాడు. అవి రాళ్ళలాంటివి, చావవు. తీగ కొసన గుచ్చే వేలెడంత మాడ్యూళ్ళు మాత్రం ఊరూ పేరూ లేనివి కొన్నాడు. కార్డు వాటిని చూసి, కొత్త కోడల్ని చూసిన అత్తగారిలా మూతి తిప్పుకుంది. సొంత కంపెనీ ముక్క అయితేనే పలుకుతుందట! అవి తిప్పి పంపి వేరేవి తెచ్చాక కార్డు మీద దీపం వెలిగింది. ఒక పెద్ద వీడియోని ఇటునుంచి అటు కాపీ పెట్టాడు.

పది రావాల్సిన చోట ఒకటిన్నర.

తీగ మార్చాడు. ఒకటిన్నర. మాడ్యూళ్ళు మార్చాడు. ఒకటిన్నర. కార్డుని ఇంకో గాడిలో గుచ్చి దేవుణ్ణి తిట్టాడు. అయినా ఒకటిన్నరే. గురువారానికి హాలు నిండా తీగలే. వదిన వంటింట్లోకి గోడ పట్టుకుని బల్లిలా పాకాల్సొచ్చేది.

"చవక సామాను తెచ్చినందుకు నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి."

"చెప్పు కూడా ఆ తీగల కిందే ఉంది, వెతుక్కో" అంది వదిన. తర్వాత కంప్యూటరు వైపు చూసి, "అది సరే, నువ్వు కాపీ పెట్టినప్పుడల్లా ఈ పెట్టె ఎందుకలా పళ్ళు నూరుతోంది?" అంది.

అన్నయ్య చెవి ఆనించాడు. లోపల పాత డిస్కు గిర్రున తిరుగుతూ ఆయాసపడుతోంది. అది రాయగలిగేదే ఒకటిన్నర! కంపెనీలో తీగలు వేసేది ఈయన, వేగం కొలిచేది పక్క గదివాళ్ళు. వాళ్ళెలా కొలుస్తారో పదకొండేళ్ళలో ఒక్కసారి తొంగి చూడలేదు మహానుభావుడు. డిస్కుని ముట్టుకోకుండా ఉత్త చెత్త సమాచారాన్ని అటూ ఇటూ పంపి కొలిచే ప్రోగ్రాం ఒకటి ఉచితంగానే దొరుకుతుంది. అది ఎక్కించాడు. తొమ్మిదిన్నర, అంటే పది వచ్చినట్టే! ఆయన వేసిన కేకకి మూడు వీధుల అవతల కుక్కలు కూడా మొరిగాయి.

శనివారం కంప్యూటర్లు స్టూడియోకి పట్టుకెళ్ళి చూపిస్తే యజమాని ఆ అంకె చూసి పెదవి విరిచాడు. "ఈ అంకెలతో నాకేం పని? నా వీడియో కాపీ చెయ్యి."

చేశాడు. ఒకటిన్నర.

"చూశావా? నీ తుక్కు కార్డులు!"

అన్నయ్యకి తిక్కరేగి తీగ పీకి పక్కన పడేశాడు. ఒకే కంప్యూటర్లో, ఒకే డిస్కు మీద, ఆ వీడియోనే ఒక ఫోల్డర్లోంచి ఇంకో ఫోల్డర్లోకి కాపీ పెట్టాడు. ఇంకా నత్తనడక.

"ఇప్పుడు తీగే లేదు కదా సార్, ఎవర్ని తిడతారు?"

యజమాని చాలాసేపు తల గోక్కున్నాడు. "ఒప్పుకున్నాను. తప్పు నా డిస్కులదే. పని నీదే పో."

అన్నయ్య నవ్వబోయాడు.

"కానీ డిస్కులు మార్చకుండా నీ తీగ వేసి ఏం లాభం? డిస్కులు వచ్చే ఏడాది కొంటా. అప్పుడు రా."

కార్డులు సంచిలో వేసుకుని అన్నయ్య ఇంటికొచ్చాడు. వదిన గుమ్మంలోనే అడిగింది.

"పనొచ్చిందా?"

"వచ్చింది. వచ్చే ఏడాదికి."

వదిన ఆయన చేతిలోని సంచి అందుకుంది. ఆనక మెల్లగా, "మరి ఆ మేనేజరుకి ఫోన్ చేస్తావా?" అంది.

"చేస్తానే తల్లీ, చేస్తా. ముందు నన్ను కాసేపు కూర్చోనీ."

కూర్చుందామంటే కుర్చీ నిండా తీగలే.